లింగమ్మ అడిగిన హ్యాండిలు

2012లో సూర్యాపేట బస్టాండులో పది నిమిషాలు నిలబడితే లింగమ్మ నాలుగైదుసార్లు కనిపించేది. నల్ల టీషర్టు మీద తెల్లరంగుతో అచ్చేసిన బొమ్మ. కొంగు నడుముకు దోపి, కుడిచెయ్యి గాలిలోకి ఎత్తి, నోరు తెరిచి అరుస్తున్న ఆడమనిషి. కింద ఒకటే మాట: ‘హ్యాండిలేది?’ ఆ టీషర్టులు వేసుకున్న కాలేజీ పిల్లలు ఎదురుపడితే ఒకరికొకరు నమస్తే చెప్పుకోరు. కుడిచేత్తో గాలిలో బోరింగు కొట్టుకుంటారు. మూడుసార్లు కొట్టాలి. రెండుసార్లతో ఆపేసేవాడు సినిమా సరిగ్గా చూడలేదని లెక్క.

అసలు లింగమ్మ అదే బస్టాండు బయట మందుల సంచి పట్టుకుని చివ్వెంల వైపు ఆటో కోసం చూస్తూ ఉండేది. ఒక్కడూ గుర్తుపట్టేవాడు కాదు. పైగా, ‘జరుగమ్మా’ అని ఆమెను పక్కకు నెట్టి ముందు సీటు పట్టినవాడి వీపు మీద కూడా ఆమె బొమ్మే ఉండడం నేను కళ్లారా చూశాను.

నేను కోదాడవాణ్ని. పేరు ధనుంజయ్. చివ్వెంల దాటాక జిల్లెడుకుంట అని ఒక ఊరుంది, అక్కడి ప్రాథమిక పాఠశాలలో పద్నాలుగేళ్లు పంతులుగా చేశాను. లింగమ్మ ఆ ఊరి మనిషి. పత్తి ఏరడం, నాట్లు వేయడం ఆమె బతుకుతెరువు. భర్త దానియేలు, కూతురు మంజుల. ఇంత మామూలు మనిషి టీషర్టు మీదికి ఎలా ఎక్కిందో చెప్పాలంటే ముందు నా వెధవతనం చెప్పాలి.

2003 మే నెల. వరసగా రెండో ఏడు కరువు. అలాంటి ఎండలో చంద్రు అనే సినిమా దర్శకుడు రెండు వ్యాన్లు, ఒక జీపుతో ఊళ్లో దిగాడు. సినిమా పేరు ‘దాహనగరం’. కథ 2055లో జరుగుతుంది. అప్పటికి నీళ్లన్నీ ఒక కంపెనీవి. నీళ్లు అడిగినవాడి నాలుక మీద ముద్ర వేస్తారు. అలాంటి లోకం చూపించాలంటే హైదరాబాదులో పెద్ద సెట్టు వెయ్యాలట. మా ఊరు చూడగానే ఆ శ్రమ తప్పిందని చంద్రు పొంగిపోయాడు.

“యాభై ఏళ్ల తర్వాత ప్రపంచం ఎలా ఉంటుందో మీ ఊరు ఇప్పుడే అలా ఉంది సార్. ఒక్క రాయి కూడా కదపక్కర్లేదు!” అన్నాడు.

అది పొగడ్త అనుకుని సర్పంచి రామనర్సయ్య యూనిట్ మొత్తానికి చాయ్ పోయించాడు.

ఊరిలో సర్పంచి ఉండే వైపు నల్లాలున్నాయి. లింగమ్మ వాళ్ల వాడకు ఉన్నది ఒక్క బోరింగు. ముప్పై ఇళ్లకు అదే దిక్కు. ఆ కరువులో కూడా ఇంటికి రెండు బిందెలు తక్కువ కాకుండా ఇచ్చేది. చంద్రుకు ఆ బోరింగు ఎంతో నచ్చింది. ఒకటే లోపం కనిపించింది. దానికి హ్యాండిలు ఉంది. నీళ్లే లేని కాలంలో బోరింగుకు హ్యాండిలు ఎందుకుంటుందని ఆయన సందేహం.

“ఒక్క రోజు తీస్తే చాలు సార్. రేపు సాయంత్రానికి బిగించేస్తాం” అన్నాడు. అంతకు ముందు ఏదో ఊళ్లో తగాదా అయిందట, అందుకని పంచాయతీ నుంచి కాగితం కావాలన్నాడు.

రామనర్సయ్యకు సంతకం వచ్చు, రాత రాదు. “సారూ, నీ దస్తూరి ముత్యాలోలె ఉంటది. జర రాయి” అన్నాడు. చంద్రు కూడా నా భుజం మీద చెయ్యివేసి, సినిమాలో వాన అంటే ఏమిటో పిల్లలకు పాఠం చెప్పే ఆఖరి మాస్టారు వేషం ఒకటుందని, నా ముఖం దానికి అచ్చంగా సరిపోతుందని అన్నాడు. ఇక నా కలం ఆగుతుందా? ‘లోకకళ్యాణార్థం నిర్మింపబడుచున్న చలనచిత్రం నిమిత్తం, చిత్రీకరణ సంపూర్ణమగు పర్యంతం, చేతిపంపు హ్యాండిలును సదరు కంపెనీ వారికి ఇచ్చుటకు గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది’ అని రాశాను. గ్రామసభ అంటే రామనర్సయ్య, నేను. ‘ఒక్క రోజు’ అని రాస్తే చప్పగా ఉంటుందని ‘సంపూర్ణమగు పర్యంతం’ అన్నాను. ఆ మాట రాసినందుకు ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

మర్నాడు హ్యాండిలు ఊడదీశారు. వాడ జనానికి గోనెపట్టాలు చుట్టి వరసలో నిలబెట్టారు. లింగమ్మ ఆ వరసలో లేదు. చిలుకూరులో ఉన్న చెల్లెలింటికి వెళ్లి, సరిగ్గా కెమెరా తిరుగుతుండగా ఊళ్లోకి వచ్చింది. ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. ఇంట్లో నుంచి బిందె తెచ్చి, ఏదో తిరనాళ్ల గుంపులే అనుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చి, బిందె పెట్టి, చూడకుండానే అలవాటుగా చెయ్యి వేసింది. గాలి దొరికింది. రెండోసారి వేసింది. మూడోసారి కోపంగా వేసింది. అప్పుడు తలెత్తి చూసి, కెమెరా ముఖం మీదే అరిచింది.

“మా హ్యాండిలేదిరా? ఎవడు ఎత్కపోయిండురా? హ్యాండిలేది?”

చంద్రు కళ్లు తుడుచుకున్నాడు. పక్కనున్నవాళ్లను కావలించుకున్నాడు. మళ్లీ తియ్యక్కర్లేదు, జన్మకు ఇది చాలన్నాడు. ఆమె అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ సాయంత్రం గాలిదుమారం లేచింది. సామాను హడావుడిగా వ్యాన్లలోకి ఎక్కించారు. ఇనపముక్కలన్నీ ఒక్కచోట చేర్చి ఎక్కించేసరికి హ్యాండిలు కూడా వాటితోనే హైదరాబాదు వెళ్లిపోయింది.

‘ఒక హ్యాండిలు కోసం పదేళ్లా?’ అని అడిగేవాళ్లు ఎప్పుడూ మండలాఫీసు మెట్లు ఎక్కనివాళ్లు. దానియేలు సూర్యాపేటలో గడ్డపార కోయించి, అతుకు పెట్టించి తెచ్చాడు. రెండో రోజుకే గొలుసు తెగి ఆ గడ్డపార అతని మోకాలికి తగిలింది. అప్పటి నుంచి కుంటే. సర్కారు బోరింగుకు సర్కారు హ్యాండిలే పెట్టాలని మెకానిక్కు తేల్చేశాడు. లింగమ్మ కూలి మానుకుని ఆఫీసుకు వెళ్లింది. చదవడానికి నన్ను వెంటబెట్టుకుంది.

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. “హ్యాండిలు పోయినట్టు లేదు కదమ్మా. కంపెనీకి ఇచ్చినట్టుంది. చిత్రీకరణ సంపూర్ణమయ్యేదాకా అని రాసుంది. సంపూర్ణమైనట్టు కంపెనీ కాయితం తే. అప్పుడు పోయినట్టు రాస్త. పోయినట్టు రాస్తే కొత్తది అడగొచ్చు.”

“ఎవరు రాసిండ్రు గిది?” అంది లింగమ్మ.

గుమాస్తా నా వైపు చూశాడు. లింగమ్మ కూడా చూసింది. తిడితే బాగుండేది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

కంపెనీ కాగితం దొరకలేదు, ఎందుకంటే కంపెనీయే దొరకలేదు. మరుసటి వేసవిలో ‘దాహనగరం’ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో విడుదలైంది. సినిమాలో నీళ్ల మంత్రి పాలతో కాళ్లు కడుక్కుంటాడు. అది మా నాయకుణ్నే అన్నారని ఒక పార్టీవాళ్లు కోదాడలో ధర్నా చేశారు. కాదు, మా నాయకుణ్నే అన్నారని రెండో పార్టీవాళ్లు మిర్యాలగూడలో తెర చింపారు. కాళ్లు కడుక్కోవడం చూడగానే ఇద్దరికీ తమ నాయకుడే ఎలా గుర్తొచ్చాడో ఎవరూ అడగలేదు. మూడో రోజుకు మూడు ఊళ్లలోనూ సినిమా ఎత్తేశారు. నేను మొదటిరోజే, తలకు రంగు వేసుకుని మరీ వెళ్లి చూశాను. ఆఖరి మాస్టారు లేడు. కోసేశారు.

లింగమ్మ మూడో రోజు సూర్యాపేట వచ్చింది. సినిమా మీద మోజుతో కాదు.

“అండ్ల మా హ్యాండిలు యాడ పెట్టిండ్రో కనవడ్తదేమో సారూ” అంది.

అప్పటికే పోస్టరు మీద ఇంకో పోస్టరు అతికిస్తున్నారు. అలా తన బొమ్మ టీషర్టు ఎక్కిన సినిమాను ఆమె ఆ రోజే కాదు, ఇప్పటికీ చూడలేదు.

వాడ ఆడవాళ్లు నాలుగు ఫర్లాంగుల దూరం నడిచి రామనర్సయ్య మోటరు బావికి వెళ్లేవాళ్లు. కరెంటు ఉంటే నీళ్లు, లేకపోతే గట్టు మీద కూర్చోవడం. ఒక వానాకాలం మంజుల ఆ బావిగట్టు మీద బిందెతో సహా జారిపడింది. మణికట్టు విరిగింది, వంకరగా అతుక్కుంది. పదో తరగతి పరీక్ష ఎడమచేత్తో రాసి తప్పింది. నా దస్తూరి ముత్యాలే గాని, ఆ పిల్ల దస్తూరి పోవడానికి కారణం అదే. తర్వాత ఒక ఎన్నికల ముందు వాడలో ట్యాంకు కట్టారు. దానికి పైపు వేయడం మరిచిపోయారు. కాకులకు మాత్రం మంచి నివాసం దొరికింది.

ఇక సినిమా సంగతి. థియేటర్లో మూడు రోజులు ఆడితే ఎవరూ చూడలేదు. ఎత్తేశాక అందరికీ కావాల్సి వచ్చింది. సూర్యాపేట సీడీ షాపుల్లో ‘నిషేధింపబడిన చిత్రం’ అని అట్ట మీద అచ్చేసి అమ్మారు. దాన్ని ఎవరూ నిషేధించలేదు. ఆ మాట అంటే కొనేవాళ్లకే కోపం వచ్చేది. ఇంజనీరింగు కాలేజీ హాస్టళ్లలో చూశారు, ఒకసారి కాదు, సెమిస్టరుకోసారి. అర్థం కాలేదని ఒప్పుకున్నవాణ్ని వెలివేశారు. ఫేస్‌బుక్ వచ్చాక ‘దాహనగరం భక్తులు’ అని గుంపు కట్టారు. దాని పెద్ద మధు. మిర్యాలగూడలో రైసుమిల్లు ఉన్న ఇంటి కుర్రాడు. ఇంట్లో పనివాడు తెచ్చి పెడితే తప్ప మంచినీళ్లు తాగి ఎరగడు. దాహం గురించి మాట్లాడితే మాత్రం అతని గొంతు వణికేది.

ఆదివారాలు బైకుల మీద జిల్లెడుకుంట వచ్చేవాళ్లు. చేతుల్లో నీళ్ల సీసాలు. హ్యాండిలు లేని బోరింగు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకునేవాళ్లు. లింగమ్మ ఇల్లు ఎక్కడో వాకబు చేసి, “అమ్మా, ఒక్కసారి ఆ డైలాగు” అని బతిమాలేవాళ్లు.

హైదరాబాదు నుంచి వచ్చే పిల్లలు, వీళ్లకు కంపెనీవాళ్లు తెలిసే ఉంటారని లింగమ్మ ఆశ. పని ఆపుకుని వచ్చి, నిజంగానే అడిగేది. “మా హ్యాండిలేది బిడ్డా? జర చెప్పుండ్రి. పదేండ్లాయె.”

అంతే, ఈలలు. కేకలు. అందరూ గాలిలో బోరింగు కొట్టేవాళ్లు. “అదే గొంతు! అదే బాధ! ఏం యాక్టింగ్!” అని మధు కళ్లు మూసుకునేవాడు. తాగి పారేసిన సీసాలు అక్కడే వదిలి వెళ్లేవాళ్లు. మంజుల వాటిని ఏరి, మోటరు బావికి తీసుకెళ్లి నీళ్లు నింపుకునేది.

నాకు ఒళ్లు మండేది. ఒకసారి మధుతో ఉన్నదున్నట్టు చెప్పాను. “ఆమె నటించట్లేదు నాయనా, నిజంగా హ్యాండిలు అడుగుతోంది” అన్నాను. అతను నా చెయ్యి గట్టిగా పట్టుకుని, “ఎంత బాగా చెప్పారు సార్” అని ఆ ముక్క ఫేస్‌బుక్‌లో పెట్టాడు. నాలుగు వందల మందికి నచ్చింది. ఇంకో సంగతి కూడా అడిగాడు. ఆఖరి మాస్టారు సన్నివేశాన్ని ప్రభుత్వం భయపడి కోయించిందట, నిజమేనా అని. నేను చెట్టులా నిలబడ్డానని చంద్రు కోసేశాడని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నిజమేనన్నాను. ఆ పాటి కక్కుర్తి నాలోనూ ఉంది.

2013 నవంబరులో మిర్యాలగూడలో, ఒక ఫంక్షన్ హాల్లో, షూటింగు జరిగి పదేళ్లయిందని ‘దాహనగరం పదేళ్ల పండుగ’ పెట్టారు. చంద్రు ముఖ్య అతిథి. లింగమ్మకు సన్మానం. కారు పంపుతామని చెప్పి మరిచిపోయారు, మేమిద్దరం బస్సులో వెళ్లాం.

వేదిక మీద ఒక పండితుడు ముప్పావుగంట మాట్లాడాడు. హ్యాండిలు అంటే అధికారమట. లేని హ్యాండిలు అంటే ప్రజలట. గాలిలో ఆడే చెయ్యి చరిత్రట.

లింగమ్మ నా చెవిలో అడిగింది. “సారూ, ఈన బోరింగు గురించేనా చెప్తున్నది?”

“అవును లింగమ్మా.”

“ఏనాడన్న కొట్టిండా?”

తర్వాత చంద్రు లేచి, ఈ పదేళ్లూ తన ఇంటి హాల్లో భద్రంగా దాచుకున్న ఒక వస్తువును అభిమానులకు చూపిస్తానన్నాడు. తెర తొలగించారు. అద్దాలపెట్టె. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ మీద హ్యాండిలు. ముందు ఒక అట్ట: ‘దాహనగరం చిత్రపు అసలు హ్యాండిలు. ముట్టుకోరాదు.’ సినిమాలో ఒక్క క్షణం కూడా కనిపించని హ్యాండిలుకు హాలంతా చేతులెత్తి మొక్కింది.

లింగమ్మ లేచి నిలబడింది. ఎండాకాలం చెయ్యి కాలకుండా దానియేలు ఎప్పుడో చుట్టిన సైకిలు ట్యూబు ముక్క దాని కొసన ఇంకా అలాగే ఉంది. ఆమె దాన్ని గుర్తుపట్టింది. వాళ్లు పిలవకముందే మెట్లెక్కింది. మైకు ముందు ఆగి, “ఇది మాది” అంది.

చప్పట్లు.

“ఇది మా వాడ బోరింగుది. మా ఆయన సుట్టిన ట్యూబు గీడ్నే ఉన్నది సూడుండ్రి. పదేండ్ల సంది అడుగుతున్న. మీరంత నవ్విండ్రు. నా బిడ్డ చెయ్యి వంకర పోయింది. నా మొగడు కుంటోడైండు. ఇగ నేనడుగ, తీస్కపోత.”

హాలు మొత్తం లేచి నిలబడింది. గాలిలో బోరింగు కొట్టడం మొదలుపెట్టింది. ఆమె అద్దాలపెట్టె మూత ఎత్తి, ఆ బరువైన ఇనుమును రెండు చేతులతో లాగి భుజాన వేసుకుంది. ఎవరూ ఆపలేదు. చంద్రు ఏడుస్తున్నాడు. “ఇది రిహార్సల్ చేయించారా? అద్భుతం!” అని మధును అడుగుతున్నాడు. మధు సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. జనం ముందే నేర్చుకున్నట్టు రెండుగా చీలి దారి ఇచ్చారు. నేను వెనకే పరుగెత్తి రెండో కొస పట్టుకున్నాను. ఆమె శాలువా కోసం తిరిగి వస్తుందని వాళ్లు హాల్లో చాలాసేపు చప్పట్లు కొడుతూనే ఉన్నారట. అప్పటికి మేము సూర్యాపేట బస్సులో ఉన్నాం.

కండక్టరు వచ్చి కాలికి అడ్డం తగిలినదాన్ని చూశాడు. “ఏందమ్మా ఇది?”

“మా బోరింగు హ్యాండిలు. పదేండ్ల కింద ఎత్కపోయిండ్రు.”

“పదేండ్లా? మరి ఇన్నొద్దులు నీళ్లకెట్ల జేసిండ్రు?” అన్నాడు.

లింగమ్మ కిటికీలోకి తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పదేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి అతనే. తర్వాత నేను అడిగి తెలుసుకున్నాను, అతను ఆ సినిమా చూడలేదు.

మెకానిక్కు వచ్చి వాషర్లు, గొలుసు మార్చాడు. సర్కారు హ్యాండిలే కాబట్టి అతనికి అభ్యంతరం లేకపోయింది. మొదట తుప్పునీళ్లు వచ్చాయి. వాడ అంతా వంతులవారీగా గంటసేపు కొట్టాక తేట నీళ్లు పడ్డాయి. దానియేలు మొదటి చెంబు నాకే ఇచ్చాడు. తాగలేక తాగాను.

ఆ వచ్చే ఆదివారం బైకులు మళ్లీ వచ్చాయి. బోరింగు చూసి మధు ముఖం వాడిపోయింది. హ్యాండిలు పెట్టడం వల్ల స్థలం పవిత్రత పోయిందని ఫేస్‌బుక్‌లో పెద్ద గొడవట. తీసెయ్యాలని మూడు వందల మంది, ఉండనివ్వాలని తొమ్మిది మంది. మధు తొమ్మిదిమందిలో లేడు.

లింగమ్మ బిందె నింపుకుంటోంది. మధు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“అమ్మా, పాపం వీళ్లు వైజాగు నుంచి వచ్చారు. ఐదంటే ఐదు నిమిషాలు హ్యాండిలు తీస్తాం. ఫోటో తీసుకుని మళ్లీ మేమే బిగించేస్తాం. ప్రామిస్.”

లింగమ్మ కొట్టడం ఆపింది. అతని వైపు చూడలేదు. పదేళ్ల కింద ఆఫీసులో చూసినట్టే నన్ను చూసింది.

“ఏం సారూ, మళ్ల కాయితం రాస్తవా?”

సిగ్గుతో నా తల నేలకు వంగిపోయింది. “రాయను లింగమ్మా. ఈ జన్మలో రాయను” అన్నాను.

అప్పుడామె పక్కకు జరిగి, హ్యాండిలును మధు చేతికి అందించింది. ఐదేళ్లుగా గాలిలో అంత అందంగా కొట్టిన పిల్లవాడు ఎనిమిదోసారికే ఆయాసపడ్డాడు. బిందె సగం కూడా నిండలేదు. అతను హ్యాండిలు వదిలి చెయ్యి దులుపుకోబోయాడు.

“ఆపకు” అంది లింగమ్మ, వెనక వరసలో ఉన్న బిందెలు చూపిస్తూ. “ఇంక ముప్పై ఇండ్లున్నయి.”